ఏడో గ్రిడ్ పైకి రాలేదు

దోహాలో ఆదివారం పొద్దున ఏడంటే తిరుపతిలో తొమ్మిదిన్నర. మనకు సెలవు రోజు, వాళ్ళకి వారం మొదలు. నేను లీవు మీద వచ్చి నాలుగు రోజులే అయింది, కొర్లగుంటలో మా మిద్దె మీద కూర్చుని దోసె తింటుంటే ఆఫీసు నుంచి ఫోన్. కొత్తగా చేరిన మలయాళీ కుర్రాడు, గొంతులోనే టెన్షన్ తెలుస్తోంది. రెవిట్ అనే బిల్డింగ్ డ్రాయింగుల సాఫ్ట్‌వేర్‌లో చేసిన మోడల్‌కి పైన కొత్తగా రెండు అంతస్తులు చేర్చారట, ఆ కొత్త ప్లాన్లలో కాలమ్‌లు ఉన్నాయి గానీ, కాలమ్‌లు ఎక్కడ రావాలో చూపించే, అంకెలో అక్షరాలో పేర్లుగా ఉండే గ్రిడ్ లైన్లు ఒక్కటీ లేవట. "చేట్టా (అన్నా), మళ్ళీ గీసేయనా?" అన్నాడు.

గీయొద్దురా నాయనా అని అరిచినంత పని చేశాను. ఎందుకంటే మొదటి ఏడాది నేను చేసింది సరిగ్గా అదే. గ్రిడ్‌కి 7 అని పేరు పెట్టబోతే ఆ పేరు ఇప్పటికే ఉంది, వేరేది పెట్టమని రెవిట్ అంది, సరే కదా అని 7ఏ అని పెట్టి డ్రాయింగ్ పంపేశాను. ఆ 7ఏ ఎక్కడుందో అని సైట్‌లో సర్వేయర్ సగం రోజు వెతికాడు. తర్వాత వచ్చి తిట్టిన తిట్లు ఏ భాషవో నాకు తెలియదు, అర్థం మాత్రం బాగానే అయింది.

ప్లాన్‌లో గీతలా కనిపిస్తుంది గానీ గ్రిడ్ నిజానికి నిలువుగా నిలబెట్టిన అద్దం పలక లాంటిది, దానికీ ఒక ఎత్తుంటుంది. ఆ ఎత్తు చాలకపోతే పై లెవెల్ (అంతస్తు) ప్లాన్‌లో అది కనిపించదు, అంతే. ఎలివేషన్, అంటే బిల్డింగ్‌ని పక్క నుంచి చూపించే వ్యూ తెరిచి, గ్రిడ్ కొస పట్టుకుని పై లెవెల్ దాటేదాకా లాగాలి. సౌత్ ఎలివేషన్‌లో అంకెల గ్రిడ్లు కనిపిస్తే అక్షరాలవి ఈస్ట్‌లో ఉంటాయి కాబట్టి రెండు చోట్లా లాగాలి. కొస దగ్గర 2డి అని ఉంటే ఆ ఒక్క వ్యూలోనే సాగుతుంది, దాన్ని 3డి చేశాకే లాగమన్నాను.

మా నాయన బేల్దారి మేస్త్రి. పక్కనే కూర్చుని అంతా వింటున్నాడు. "ఏందిరా, కింద మార్కింగ్ పైకి ఎక్కించలేదా?" అన్నాడు. ఇంతసేపు నేను చెప్పింది ఆయన ఒక్క ముక్కలో తేల్చేశాడు. స్లాబు పడ్డాక కింది గీత మీదికి తూకం గుండు వదిలి, ఆ సూటిలో పైన దారం లాగి గీత కొట్టేవాడు, గాలికి గుండు ఊగుతుంటే ఆగేదాకా బీడీ కాలుస్తూ కూర్చునేవాడు. "మీ దాంట్లో గాలి ఉండదు గదా, ఇంకేం కష్టం?"

అంతలో మళ్ళీ ఫోన్. సీ, డీ గ్రిడ్లు ఎంత లాగినా కదలడం లేదట. అవి స్కోప్ బాక్స్‌కి, అంటే గ్రిడ్లు ఎక్కడిదాకా ఉండాలో హద్దు పెట్టే డబ్బాకి కట్టేసి ఉంటాయి, ఆ డబ్బానే పైకి పెంచు, అవే వస్తాయి అన్నాను. వచ్చాయి.

మొత్తం గంటన్నర పట్టింది, దోసె చల్లారిపోయింది. సగం రోజు లీవు వెనక్కి ఇస్తారా అని మెయిల్ పెట్టాను. ఇంకా జవాబు లేదు.