పందికొక్కు మీద ఎర్ర సిరా

పదకొండున్నర దాటింది. చిన్నదాని నోట్‌బుక్ ఇంకా టేబుల్ మీదే ఉంది, చూసినప్పుడల్లా మళ్లీ కోపం వస్తోంది.

'బ్యాండికూట్' అనే మాటకు అర్థం, పుట్టుక రాసుకురమ్మన్నారు. అది మన పందికొక్కే అని నేనే చెప్పాను. ఎంత సంబరపడిందో! 'తెలుగు' అని రాసుకెళ్లింది. టీచరు దాన్ని కొట్టేసి ఎర్ర సిరాతో 'ఆస్ట్రేలియా' అని రాశారు. మార్కు పోతే పోయింది. "నువ్వే చెప్పావుగా అమ్మా" అంది చూడండి, అదే తట్టుకోలేకపోయాను.

ఒక్కసారి డిక్షనరీ తీసి చూడొచ్చు కదా? ఇంగ్లీషులో కలిసిన మన దేశపు మాటలకు 1886లో అచ్చయిన డిక్షనరీ హాబ్సన్-జాబ్సన్‌లోనే ఉంది, ఇది తెలుగు పందికొక్కు నుంచి వచ్చిందని. పంది లాంటి ఎలుక. తెల్లవాళ్లు ఇక్కడ నేర్చుకున్న పేరును ఆస్ట్రేలియాలో ఒక పొడుగు మూతి జంతువుకు తగిలించారు. అది ఎలుక జాతే కాదు, కంగారూలా సంచిలో పిల్లల్ని పెంచుతుంది.

అసలు పందికొక్కంటే తాతయ్యకు తెలియాలి. రాత్రిళ్లు వసారాలో వడ్ల బస్తాల వెనక గరగరమని చప్పుడయ్యేది. టార్చి, కర్ర పట్టుకుని తాతయ్య లేచేసరికి మాయం. పొద్దున చూస్తే గోడ వారన తట్టెడు మట్టి. కోతలయ్యాక ఎలుకలు పట్టేవాళ్లు వచ్చి, కుండలో గడ్డి రాజేసి బొరియలోకి పొగ ఊదేవారు. తవ్వితే లోపల వరి వెన్నులు, గుప్పెళ్లకు గుప్పెళ్లు! ఆ వడ్లు వాళ్లకే. నాకేమో ఆ పొగకు కళ్లు మండుతున్నా అక్కణ్ణుంచి కదలబుద్ధయ్యేది కాదు.

పొద్దున్నే స్కూలుకెళ్లి అడిగేద్దామనుకున్నాను. ఇది రాస్తుంటే కోపం కొంచెం దిగింది. ఆస్ట్రేలియాలో పైన మొక్క కదలకుండా కింద దుంపలు తవ్వి దొంగిలించడాన్ని కూడా 'బ్యాండికూట్' చేయడమే అంటారు. మాట అక్కడ అంతగా పాతుకుపోయింది. టీచరు చూసిన పుస్తకంలో ఆ జంతువు బొమ్మే ఉండి ఉంటుంది, పాపం.

కానీ అడిగింది మాట పుట్టుక కదా! జంతువు ఎక్కడ బతుకుతుందని కాదు కదా!

ఇప్పుడే చూశాను, ఎర్ర గీత కింద పెన్సిల్‌తో సన్నగా మళ్లీ 'తెలుగు' అని రాసుకుంది పిచ్చితల్లి. స్కూలుకి వెళ్లను. డిక్షనరీలో ఆ పేజీ ఫొటో ప్రింటు తీయించి, మర్యాదగా రెండు ముక్కలు రాసి, దాని చేతికే ఇచ్చి పంపుతాను.