అక్టోబర్ కాన్యన్ యాత్ర: మకాం కనాబ్‌లో

జూన్

అమెరికాలోని దక్షిణ యూటా యాత్రకి ఈసారి ముందుగా తేల్చుకోవాల్సింది ఎక్కడ దిగాలన్నదే. రోజుకో హోటల్ మారడం నాకు ఇష్టం లేదు. అమ్మానాన్నలు కూడా వస్తున్నారు, పైగా నా ఫొటోల కోసం తెల్లవారకముందే లేచి వెళ్లాలి. రోజూ సామాన్లు సర్దుకుంటూ ఉంటే ఆ రెండూ కుదరవు. కాబట్టి ఒకే ఇల్లు, అందులో వంటగది ఉండాలి.

మోయబ్‌ని మొదటే తీసేశాను. ఊరు మంచిదే, ఆర్చెస్ నేషనల్ పార్కు గేటు అక్కడికి ఐదు మైళ్లే. కానీ జయాన్ నేషనల్ పార్కుకి వెళ్లాలంటే దాదాపు ఐదు గంటల డ్రైవింగ్. దానికి వేరే యాత్ర పెట్టుకోవాలి.

స్ప్రింగ్‌డేల్ మీద చాలా ఆశ ఉండేది. జయాన్ గేటు దాకా నడిచి వెళ్లొచ్చు, లోపల షటిల్ బస్సు ఉంటుంది, పెద్దవాళ్లకి సుఖం. అయితే అక్కడినుంచి బ్రైస్ కాన్యన్ పార్కుకైనా, అరిజోనాలోని పేజ్ ఊరికైనా వెళ్లాలంటే ప్రతిసారీ పార్కు మధ్యలోంచి, మలుపుల రోడ్డెక్కి, 1930లో తెరిచిన ఆ 1.1 మైళ్ల సొరంగం దాటి వెళ్లాలి. ఒకసారైతే అదో ఆనందం. తెల్లవారుజామున ఆత్రంగా వెళ్తున్నప్పుడు, మళ్లీ చీకట్లో అలసిపోయి వస్తున్నప్పుడు మాత్రం కాదు.

కనాబ్ అలా కాదు. 89, 89ఏ రోడ్లు కలిసే చోట ఉంది. జయాన్ తూర్పు గేటు సుమారు 30 మైళ్లు, పేజ్ 75, బ్రైస్ 80 మైళ్ల లోపే. కోరల్ పింక్ ఇసుక దిబ్బలు అరగంట దూరంలోనే. గ్రాండ్ కాన్యన్ ఉత్తరపు అంచు, నార్త్ రిమ్ కూడా సుమారు 80 మైళ్లే. కానీ 2025 జూలైలో డ్రాగన్ బ్రావో కార్చిచ్చులో అక్కడి పాత లాడ్జి కాలిపోయింది. ఆ వార్త చదివిన రోజు నిజంగా బాధేసింది. ఈసారికి నార్త్ రిమ్‌ని లెక్కలోంచి తీసేశాను.

ఇంకో కారణం ది వేవ్, అంటే అలల్లా వంపులు తిరిగిన ఇసుకరాతి ప్రదేశం. రోజుకి 64 మందికే అనుమతి. అందులో 48 నాలుగు నెలల ముందు జరిగే ఆన్‌లైన్ లాటరీలో ఇస్తారు. అంటే అక్టోబర్ కోసం జూన్‌లోనే దరఖాస్తు పెట్టాలి. మిగతా 16 రెండు రోజుల ముందు లాటరీలో. దానికి ఫోన్‌లోనే దరఖాస్తు పెట్టాలి, అదీ ఆ చుట్టుపక్కల ఉన్నవాళ్లే పెట్టగలరు. కనాబ్ ఆ పరిధిలోనే ఉంది. తొమ్మిది డాలర్లు కట్టి జూన్ లాటరీలో పేరు వేశాను.

జూలై

వేవ్ రాలేదు. సరే, రెండు రోజుల ముందు జరిగే ఆ లాటరీ ఎలాగూ ఉంది. అదీ రాకపోతే కనాబ్, పేజ్ మధ్య 89 పక్కనే ఉన్న టోడ్‌స్టూల్ అనే పుట్టగొడుగుల్లాంటి రాళ్ల దగ్గరికి వెళ్తాం. పర్మిట్ అక్కర్లేదు, నడక ఒకవైపు మైలు కూడా ఉండదు, అమ్మ కూడా రాగలదు.

ఆగస్టు

తేదీల విషయం తేలింది. ఇక్కడ శరత్కాలం ఒక్కసారిగా రాదు, ఎత్తునుంచి కిందికి దిగుతూ వస్తుంది. బౌల్డర్, టోరీ మధ్య 12వ నంబర్ రోడ్డు 9,600 అడుగుల దాకా ఎక్కుతుంది. అక్కడి ఆస్పెన్ చెట్లు సెప్టెంబర్ చివరికి, అక్టోబర్ మొదట్లోనే పసుపు రంగుకి మారతాయి. జయాన్ లోయ అడుగున, నాలుగు వేల అడుగుల దగ్గర, కాటన్‌వుడ్ చెట్లు అక్టోబర్ చివరికి గానీ రంగు మారవు. రెండూ ఒకే వారంలో దొరకవు. ఎర్ర రాతిగోడల కింద పసుపు ఆకులు, వర్జిన్ నది నీళ్లలో వాటి నీడ... నాకు కావాల్సింది అదే. అందుకే అక్టోబర్ ఆఖరి వారం పెట్టుకున్నాను. నెల మధ్యలో యూటా బడులకి సెలవులొస్తాయి, పార్కులు కిక్కిరిసిపోతాయి. ఆ రద్దీ కూడా తప్పుతుంది.

ఆ వారంలో సూర్యోదయం ఏడూ నలభై ఐదు దాటాకే. గంటన్నర దూరంలో ఉన్న బ్రైస్‌కి కనాబ్ నుంచి వెళ్లి సూర్యోదయం చూడటం అందువల్లే కుదురుతోంది. వేసవిలో అయితే మూడున్నరకే బయల్దేరాల్సి వచ్చేది. ఐదుంపావుకి బయల్దేరితే నిదానంగా వెళ్లినా ఏడింటికి సన్‌సెట్ పాయింట్ దగ్గర ఉండొచ్చు. పేరు సన్‌సెట్ అయినా అక్కడి రాతిస్తంభాల మీద పొద్దున వెలుగే బాగుంటుంది. ఆ అంచు 8,000 అడుగుల ఎత్తులో ఉంది, తెల్లవారుజామున నీళ్లు గడ్డకట్టే చలి. కెమెరా బ్యాటరీలు తొందరగా దిగిపోతాయి, అదనంగా ఉన్నవి చొక్కా లోపలి జేబులో పెట్టుకోవాలి.

నిదానంగా ఎందుకంటే జింకలు. ఈ రోజుల్లోనే మ్యూల్ జింకల మందలు చలికాలం గడపడానికి పీఠభూమి మీదనుంచి దక్షిణానికి దిగుతాయి, 89 రోడ్డు వాటి దారిలోనే ఉంది. కాబట్టి చీకట్లో దూరప్రయాణం బ్రైస్‌కి ఒక్కసారే. మిగతా సాయంత్రాలన్నీ ఇసుక దిబ్బల దగ్గరో, జయాన్ తూర్పు గేటు చుట్టుపక్కలో.

సెప్టెంబర్

ఇల్లు బుక్ అయింది. వంటగది చూసే తీసుకున్నాం. ఊరు దాదాపు ఐదు వేల అడుగుల ఎత్తులో ఉంది, నీళ్లు 95 డిగ్రీలకే మరిగిపోతాయి. మామూలు గిన్నెలో కందిపప్పు ఎంతకీ ఉడకదు, కుక్కర్ తీసుకెళ్లక తప్పదు. సరుకులు వేగస్‌లో దిగగానే కొనేస్తాం. అక్కడినుంచి 200 మైళ్లు. యూటాలోకి రాగానే గడియారం గంట ముందుకి జరుగుతుంది, అందుకని మొదటి రోజు సాయంత్రానికి ఏమీ పెట్టుకోలేదు.

పేజ్ వెళ్లే రోజు దీనికి తిరకాసు. అరిజోనా వేసవి సమయం (గడియారం గంట ముందుకి జరపడం) పాటించదు, అందులోనే ఉన్న నవాహో తెగవాళ్ల భూభాగం పాటిస్తుంది, పేజ్ ఊరు అరిజోనాతోనే ఉంటుంది. ఫోన్ ఏ టవర్ పట్టుకుంటే ఆ టైం చూపిస్తుంది కాబట్టి ఆ రోజుకి చేత్తోనే సెట్ చేసుకోవాలి. నవంబర్ మొదటి ఆదివారం దాకా కనాబ్‌లో పది అయితే పేజ్‌లో తొమ్మిది, మనకి గంట కలిసొస్తుంది. పేజ్ దగ్గరున్న ఇరుకు రాతి లోయ యాంటిలోప్ కాన్యన్‌కి గైడు లేకుండా వెళ్లనివ్వరు. అందులో అప్పర్, లోయర్ అని రెండు భాగాలు. లోయర్‌లో నిటారు ఇనుప మెట్లున్నాయి, అమ్మానాన్నల మోకాళ్లకి కష్టం. అందుకే అప్పర్ తీసుకున్నాం. అక్టోబర్ చివర్లో పైనుంచి పడే ఆ వెలుతురు ధారలు ఉండవు. గోడల మీద మెత్తగా పరుచుకునే కాంతి చాలు నాకు.

ఇంకా తేలనిది కారు సంగతే. వేవ్ వస్తే హౌస్ రాక్ వ్యాలీ రోడ్డు మీద వెళ్లాలి. మట్టిరోడ్డు, వాన పడితే బంకమన్నులో ఏ బండీ కదలదు. పొడిగా ఉన్నా నేలకి ఎత్తుగా ఉండే బండి అయితేనే ధైర్యం. అద్దె రేట్లు వచ్చే వారం మళ్లీ చూసి ఖాయం చేస్తాను.