డాబా మీద కుందేలు దయ్యం

ఎండాకాలం సెలవుల్లో పిల్లగాళ్లకు డాబా మీద సినిమా వెయ్యాలనుకుంటే ‘వాలస్ అండ్ గ్రోమిట్: ద కర్స్ ఆఫ్ ద వేర్-రాబిట్’ పెట్టండి. వాలస్ అనే మనిషి, గ్రోమిట్ అనే అతని కుక్క ఇందులో ముఖ్యులు; వేర్-రాబిట్ అంటే పున్నమి వెన్నెల పడితే మనిషి మారిపోయే కుందేలు దయ్యం. 2005 నాటిది, నిడివి 85 నిమిషాలు. బ్రిటన్‌లోని ఆర్డ్‌మన్ స్టూడియో మెత్తటి మట్టిబొమ్మలను కొంచెం కొంచెం జరుపుతూ తీసిన ఈ సినిమాకు ఆస్కార్ కూడా వచ్చింది.

కథ నల్లగొండ పిల్లలకు ఇట్టే అందుతుంది. మన దగ్గర అడవి పందులు పడకుండా చేను చుట్టూ పాత చీరలు కడతాం. అక్కడ కుందేలు దొడ్లోకి దూరితే తోటలోని బొమ్మ కండ్లు వెలుగుతాయి. ఆ కూరగాయల తోటకు పున్నమి వెన్నెల, చర్చి, శాపం తోడైతాయి. పాత దయ్యాల సినిమాల పద్ధతి ఒక్కటీ తప్పరు, కానీ ఆ దయ్యం ఊరి మీద పడి తినేది కూరగాయలే. నవ్వంతా అందులోనే ఉంది.

అందుకే మొదలుపెట్టే ముందు పిల్లలకు రెండు ముక్కలు చెప్పాలి. పాత సినిమాల్లో పున్నమికి తోడేలుగా మారే మనిషిని చంపాలంటే వెండి తూటా కావాలి. ఇక్కడ బంగారం కావాలి, చివరికి కూరగాయల పోటీలో ఇచ్చే బంగారు క్యారెట్ బహుమతి మీదికే చెయ్యి పోతుంది. బంగారానికీ కూరగాయకూ మన నోట ‘క్యారెట్’ ఒక్కటే మాట కాబట్టి విడమరిచి చెప్పే పనే లేదు. రెండోది, 1933 నాటి ‘కింగ్ కాంగ్’ సినిమాలో పెద్ద గొరిల్లా భవనం ఎక్కి విమానాలతో కొట్లాడే సీను. అది రెండు నిమిషాలు చూపిస్తే ఈ సినిమా చివరి భాగానికి నవ్వు రెండింతలైతుంది.

ఇక తెర. మే నెలలో పొద్దుగూకినంక కూడా చాలాసేపు వెలుతురు ఉంటుంది, ఏడున్నర దాకా ఆగాలి. ఇందులో రాత్రి సీన్లు ఎక్కువ. వీధిదీపం పడితే నలుపంతా బూడిదరంగైతుంది, పొగమంచులో ఏం కదిలిందో తెల్వదు. దీపానికి తెర వెనుక భాగం ఉండేలా కట్టండి. ఒక్క పొర తెల్ల చెద్దరైతే వెలుగు అవతలికి పోతుంది, రెండు పొరలు వెయ్యాలి. కింది అంచు మడిచి కుట్టి అందులో కర్ర దూర్చండి, లేకపోతే గాలికి బొమ్మ ఊగుతుంది. ప్రొజెక్టర్ తెర మధ్యకు ఎదురుగా ఉండాలి. కింద పెట్టి పైకి వంచితే బొమ్మ పైన వెడల్పు, కింద సన్నం.

అన్నిటికంటే ముఖ్యం సౌండు. బ్లూటూత్ స్పీకర్లలో చప్పుడు కొన్నిసార్లు బొమ్మ కంటే రవ్వంత ఆలస్యంగా వస్తుంది. పాటలకు నడుస్తది, ఈ సినిమాకు నడవదు. తలుపు కిర్రుమన్నది, ఉరుము పడ్డది అదే క్షణంలో వినబడాలి. వైరుతో కలపండి.

ఐదేండ్ల లోపు పిల్లలు చర్చి సీను దగ్గర, వెన్నెల పడి మనిషి మారే దగ్గర జడుసుకోవచ్చు. అక్కడ సినిమా ఆపొద్దు. ఆపితే భయం ఆ బొమ్మ మీదే నిలిచిపోతుంది, వెనకాలే వచ్చే నవ్వు అందదు. ఒళ్లో కూర్చోబెట్టుకుని సౌండు జర తగ్గిస్తే చాలు.

పెద్దపిల్లలను ముందు వరుసలో కూర్చోబెట్టండి. దగ్గరి షాట్లలో బొమ్మల మీద వాటిని చేసినోళ్ల వేలిముద్రలు కనబడతాయి. గ్రోమిట్ కుక్కకు నోరే ఉండదు, భయమైనా విసుగైనా నుదుటి మడతతోనే చెబుతుంది. కండ్ల పైన ఆ మట్టి గీతను చూడమనండి.