తివాచీ మెషీన్ లాగ్: పోసిన నీళ్ళెన్ని, తీసిన నీళ్ళెన్ని

ఏప్రిల్

భీమవరంలో ఇంట్లో తివాచీ ఎందుకండీ అని ఎవరైనా అడిగితే గట్టి సమాధానం నా దగ్గర లేదు. మా ఇంట్లో రెండున్నాయి. ఒకటి మా నాన్నగారు ఏలూరు తంగెళ్ళమూడిలో కొన్న ఊలు తివాచీ, ఐదడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవు. రెండోది ఆన్‌లైన్‌లో తెప్పించిన పాలీప్రొపిలిన్ రగ్గు, అంటే ఒకరకం ప్లాస్టిక్ దారంతో నేసింది. చిన్నది పాకడం మొదలెట్టాక టైల్స్ మీద మోకాళ్ళు ఒరుసుకుపోతున్నాయని మా ఆవిడ కొంది. పెద్దాడికి నాలుగేళ్ళు. ఇద్దరూ కలిసి ఈ రెండింటి మీద పోయనిది లేదు: పాలు, ఉగ్గు, పప్పన్నం, స్కెచ్ పెన్ను, ఉచ్చ.

ఆదివారం పూట ఏదో ఒక మోటారు విప్పి బిగించడం నాకు ఎప్పటినుంచో ఉన్న పిచ్చి. ఈ ఏడాది ఆ పిచ్చి తివాచీలు కడిగే మెషీన్ మీదకి మళ్ళింది. చూసినవి, కొలిచినవి రాసి పెట్టుకుంటున్నాను.

మార్కెట్లో దొరికేవి నాలుగు రకాలు. స్టీమ్ క్లీనర్‌ని నేను మొదటే పక్కన పెట్టేశాను. అది మురికిని కరిగిస్తుందే గానీ పైకి లాగదు. కరిగిందంతా కింద దారాల్లోకి దిగుతుంది. పైగా ఊలుకి వేడి, తడి, రాపిడి మూడూ ఒకేసారి తగిలితే పీచులు ఒకదానికొకటి మెలిపడి అట్టకట్టుకుపోతాయి. నిలబడి తోసే కార్పెట్ వాషర్ గోడ నుంచి గోడ దాకా కార్పెట్ పరిచిన ఇళ్ళకి బాగుంటుంది. మా తివాచీకి రెండు చివర్లా కుచ్చులున్నాయి, ఆ తిరిగే బ్రష్షులో చుట్టుకుంటే పీకడం తప్ప దారి లేదు. మిగిలినవి రెండు: చేత్తో పట్టుకుని తిప్పే స్పాట్ క్లీనర్, తడీ పొడీ రెండూ లాగే వెట్ అండ్ డ్రై వాక్యూమ్. అసలు పోటీ వీటి మధ్యే.

నీళ్ళు చిమ్మడం పెద్ద పనేం కాదు. చిమ్మిన నీళ్ళలో ఎంత వెనక్కి లాగుతుందన్నదే ఇక్కడ లెక్క. తడిసిన కార్పెట్ 24 నుంచి 48 గంటల్లోపు ఆరకపోతే బూజు మొదలవుతుంది. ఎండిన గాలి ఉన్న ఊళ్ళలో ఇది పెద్ద విషయం కాకపోవచ్చు. మన డెల్టాలో శ్రావణ భాద్రపదాల్లో పలచటి తువ్వాలే రెండో రోజుక్కూడా ఆరదు. ఇక అంగుళం మందం ఊలు సంగతి చెప్పేదేముంది. పాకే పిల్ల ముక్కు ఎప్పుడూ నేలకి జానెడు ఎత్తులోనే ఉంటుంది. ఆ బూజంతా పీల్చేది అదే.

షాపులో ఇదే అడిగాను. ఆయన మాత్రం డబ్బా మీద అంకె చూపించారు. "పవర్ చూడండి సార్, 1,600 వాట్లు. ఇంకేం కావాలి?"

వాట్లంటే అది తినే కరెంటు. లాగే బలం కిలోపాస్కల్స్‌లో రాస్తారు, అది డబ్బా అడుగున చిన్న అక్షరాల్లో ఉంది. "నీళ్ళు పోసి ఓసారి లాగి చూపిస్తారాండీ?" అన్నాను. "షోరూములో నీళ్ళేంటండీ బాబూ!" అని నవ్వేశారు. నాకు కొనాలనిపించలేదు. రెండో షాపాయన వెనక గోడౌన్లోకి తీసుకెళ్ళి, నేను పట్టుకెళ్ళిన పాత కాలిపట్టా మీద మగ్గుతో నీళ్ళు పోసి, లాగి చూపించాడు. కొనేముందు ఇదొక్కటి చేయించుకుంటే చాలు. తర్వాత అరచేత్తో గట్టిగా అదిమి చూడండి, చెయ్యి తడిస్తే వద్దు.

మే

తణుకులో మా బావమరిది కారు సీట్ల కోసం కొన్న స్పాట్ క్లీనర్ ఒక వారం అరువు తెచ్చాను. గోడౌన్లో చూసిన వెట్ అండ్ డ్రై కూడా ఇంటికొచ్చింది, 7,000 లోపే. పాలీప్రొపిలిన్ రగ్గు మీద రెండు సమాన చదరాలు గీసుకుని, ఒక్కోదాని మీద రెండు లీటర్లు పోసి, ఒక్కో మెషీన్‌తో లాగాను. స్పాట్ క్లీనర్ ట్యాంకులో లీటరుంపావు తేలింది. వెట్ అండ్ డ్రైలో లీటరున్నర దాటి లీటరూ ముప్పావుకి దగ్గరగా వచ్చింది. తేడా అర లీటరు. ఆ అర లీటరు వాన రోజుల్లో రగ్గులో ఉండిపోతే ఆరడానికి ఇంకో పూట పడుతుంది.

స్పాట్ క్లీనర్‌ని తక్కువ చేయడం లేదు. అన్నం గిన్నె బోర్లా పడిందనుకోండి, ఒంటిచేత్తో లాక్కెళ్ళి నిమిషంలో తుడిచేయొచ్చు. వెట్ అండ్ డ్రై తియ్యాలంటే ముందు లోపలి కాగితం ఫిల్టరు తీసి, తడికి వాడే స్పాంజి తొడగాలి, పైపు బిగించాలి. ఆ లోపల చిన్నది ఆ అన్నంలోనే ఈత కొట్టేస్తుంది. సోఫా, కారు ఉండి ఒకే ఒక్క చిన్న రగ్గున్న వాళ్ళకి స్పాట్ క్లీనరే నయం. దాని విడిభాగాలు ఎక్కడ దొరుకుతాయో మాత్రం ముందే కనుక్కోండి. వెట్ అండ్ డ్రై మోటారు మా వీధి చివర మోటార్లు చుట్టే కుర్రాడు కూడా విప్పగలడు. నా ఓటు అందుకే దానికి పడింది.

వెట్ అండ్ డ్రైకి ఉన్న లోపం, అది నీళ్ళు చిమ్మదు. దానికి మొక్కలకి కొట్టే రెండు లీటర్ల చేతి పంపు స్ప్రేయరు పెట్టుకున్నాను. కొత్తదే కొనాలి, మందు కొట్టిన పాతది ఎంత కడిగినా పిల్లలున్న ఇంట్లో వాడకూడదు. లాగే కొసకి పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ మూతి విడిగా తెప్పించాను. ఈ సెట్టు మొత్తంలో నాకు బాగా నచ్చింది ఈ మూతి. లోపల పోయే నీళ్ళ రంగు కనిపిస్తుంది. మొదట బురద కాలవ, తర్వాత పలచటి టీ, చివరికి తేట నీళ్ళు. తేట నీళ్ళొచ్చే దాకా ఆపకూడదు. ఎందుకంటే సబ్బు మిగిలితే రెండు నష్టాలు. జిగురుకి దుమ్ము మళ్ళీ త్వరగా అంటుకుంటుంది. పాకే పిల్ల ఆ చేతినే నోట్లో పెట్టుకుంటుంది.

రోహిణీ కార్తె

ఏలూరు తివాచీ కడగడానికి ఏడాదిలో ఇదొక్కటే అదను. రోళ్ళు పగిలే ఎండంటారు, తివాచీకి ఆ వేడిగాలే కావాలి.

అసలు పని నీళ్ళు ముట్టుకోకముందే ఉంది. తివాచీని నవారు మంచం మీద బోర్లా వేసి, పేము బెత్తంతో వీపున కొట్టాను. కింద పరిచిన పాత దుప్పటి మీద దోసెడు ఇసుక పడింది. పైపైన ఎన్నిసార్లు వాక్యూమ్ పెట్టినా రాని ఇసుక. ఆ గరుకు రేణువులే నడిచినప్పుడల్లా ఊలు వేళ్ళని కోస్తుంటాయి. ఇది తియ్యకుండా తడిపితే బురద అవుతుంది, ఏ మెషీనూ లాగలేదు. పొడి దుమ్ము లాగేటప్పుడు పిల్లల్ని ఇంట్లో ఉంచను. ఈ తరహా మెషీన్ల ఫిల్టర్లు మామూలువి, సన్నని దుమ్ము వెనకనుంచి మళ్ళీ గదిలోకే ఊదుతాయి.

తర్వాత రంగు పరీక్ష. తెల్ల బట్ట తడిపి మూలన ఎర్ర పువ్వు మీద కాసేపు అదిమి పెట్టాను. లేత గులాబి మచ్చ అంటింది. అంటే ఎరుపు కొద్దిగా దిగుతుంది. కాబట్టి చన్నీళ్ళే, తక్కువ నీళ్ళే, ఎక్కడికక్కడ వెంటనే లాగెయ్యాలి.

సబ్బు విషయంలో మా ఊరి చేపల చెరువులు పనికొచ్చాయి. చెరువుల సరుకులమ్మే ఆక్వా షాపులో పీహెచ్ కాగితాలు తెచ్చి (ఏడంటే మధ్యస్థం, అంకె పెరిగే కొద్దీ క్షారం) ఇంట్లో ఉన్నవన్నీ ముంచి చూశాను. బట్టల పౌడరు కాగితాన్ని ముదురు నీలం చేసేసింది, అంటే పది దాకా వెళ్ళింది. ఊలుకి ఎనిమిది దాటితే మంచిది కాదు, క్షారం ఊలు పీచుని తినేస్తుంది. స్వెట్టర్లు ఉతికే ఈజీ లాంటి లిక్విడ్ ఏడు దగ్గరే ఆగింది. రెండు లీటర్లకి ఒక టీస్పూనే వేశాను. నురుగు ఎక్కువైతే ట్యాంకులోంచి మోటారు దాకా ఎగబాకుతుంది. అందుకే ట్యాంకు అడుగున రెండు చెంచాల వెనిగర్ పోసి ఉంచుతాను, నురుగు కొంత అణుగుతుంది. ఎంజైములున్న డిటర్జెంట్లు మాత్రం ఊలుకి వద్దు. మాంసకృత్తుల మరకల్ని కరిగించే ఎంజైము ఊలుని వదిలేయదు కదా, ఊలూ మాంసకృత్తే.

నీళ్ళ గురించి కూడా చెప్పాలి. మా బోరు నీళ్ళు ఉప్పన. ఆక్వా ల్యాబులో ఉప్పు శాతం చూపిస్తే కుర్రాడు "రొయ్యలకి బానే ఉంటాయండీ" అన్నాడు. తివాచీకి బాగుండవు. ఆరాక తెల్లగా పొడి తేలుతుంది, ఆ ఉప్పు గాల్లో తేమని పీలుస్తూ తివాచీని ఎప్పుడూ చెమ్మగానే ఉంచుతుంది. కాలువలు కట్టేసే రోజులు కాబట్టి మున్సిపాలిటీ నీళ్ళూ లెక్కగానే వస్తాయి. కడగడానికీ, జాడించడానికీ కలిపి ఒక బకెట్టు పక్కన పెట్టుకున్నాను, అందులోనూ కొంత మిగిలింది. తడి మెషీన్ వల్ల ఇదో లాభం. డాబా మీద వేసి ట్యూబుతో కొడితే ట్యాంకు ఖాళీ అయ్యేది.

నాలుగు కుర్చీల వీపుల మీద పరిచి, కింద ఒక ఫ్యాను, పైన ఒక ఫ్యాను పెట్టాను. నేల మీద ఆరేస్తే అడుగు ఆరదు. ఎండలో వేసింది వీపువైపు తిప్పే, అదీ కొద్దిసేపే.

జూన్

చిన్నదానికి జలుబు చేసిందని అమ్మ పాలల్లో పసుపు కలిపింది. సగం గ్లాసు రగ్గు మీద. నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి అమ్మ బట్టల సబ్బు రుద్దేసింది, మరక ఎర్రగా వెలిగిపోతోంది. "పారాణి పెట్టినట్టుంది చూడరా!" అంది కంగారుగా. నిజంగా జరిగిందీ అదే. పారాణికి పసుపులో సున్నం కలుపుతాం, సబ్బులోనూ ఉన్నది క్షారమే. వెనిగర్ నీళ్ళు చల్లితే ఎరుపు పోయి మళ్ళీ పసుపు రంగుకి వచ్చింది. అప్పుడు మెషీన్‌తో జాడించి లాగి, వానకి వానకి మధ్య కాసిన ఎండలో పెట్టాం. పసుపు రంగు వెలుతురుకి నిలవదు, రెండు మూడు రోజులకి వెతికితే తప్ప కనపడలేదు. పసుపు విషయంలో మెషీన్ కన్నా సూర్యుడే గొప్ప.

నూనె మరకలకి కూడా మెషీన్ రెండో మాటే. చిన్నదానికి ఒళ్ళు రుద్దిన కొబ్బరినూనె రగ్గుకి పట్టేస్తుంది. పాలీప్రొపిలిన్ నీళ్ళని పీల్చదు గానీ నూనెని మాత్రం గట్టిగా పట్టుకుంటుంది. ముందు శనగపిండి చల్లి గంట వదిలి, పొడి వాక్యూమ్ చేసి, ఆ తర్వాతే సబ్బు నీళ్ళు.

జూలై, ఆగస్టు

వానలు. ఏలూరు తివాచీ చుట్టి బీరువా మీద పెట్టేశాం. అమ్మ అందులో కలరా ఉండలు వెయ్యమంది, నేను వెయ్యనన్నాను. ఆ నాఫ్తలీన్ పసిపిల్లలకి మంచిది కాదు. జీ6పీడీ అనే ఎంజైము పుట్టుకతోనే లోపించిన పిల్లల్లో అది ఎర్ర రక్తకణాల్ని పగలగొడుతుంది. ఆ లోపం ఉందో లేదో చాలామంది తల్లిదండ్రులకి తెలియను కూడా తెలియదు. ఊలు పురుగుకి చీకటి, కదలని చోటు కావాలి. నెలకోసారి విప్పి దులిపితే చాలు.

పాలీప్రొపిలిన్ రగ్గు మాత్రం డ్యూటీలోనే ఉంది. ఉచ్చ పడగానే పాత బట్టతో అదిమి పీల్చడం, చన్నీళ్ళు చల్లడం, లాగడం, అంతే. ఆలస్యమైతే అది అమ్మోనియాగా మారి వాసన పడుతుంది. అప్పుడు ఎంజైము లిక్విడ్ పనిచేస్తుంది, ఇది ఊలు కాదు కాబట్టి. వాసన పోవడానికి బ్లీచింగు మాత్రం ఎప్పుడూ పొయ్యకండి. ఉచ్చలోని అమ్మోనియాతో కలిస్తే ఊపిరాడని వాయువు వస్తుంది.

కరెంటు సంగతి. 1,600 వాట్లంటే 230 వోల్టుల దగ్గర ఏడు ఆంపియర్లు. హాల్లో టీవీ పక్కనుండే ఆరు ఆంపియర్ల ప్లగ్గుకీ, దానికి తగిలించిన ఎక్స్‌టెన్షన్ బోర్డుకీ అది ఎక్కువే. ఏసీ పాయింటు నుంచి తీసుకుంటాను, మూడు పిన్నులూ ఉన్న తీగతో. తడి చేతులు, తడి నేల, పక్కన పిల్లలు: ఎర్తింగ్ లేని ఇంట్లో ఈ మెషీన్ పెట్టే సాహసం నేనైతే చెయ్యను. మామూలు పొడి వాక్యూమ్‌తో నీళ్ళు లాగడం అంతకన్నా ప్రమాదం.

శబ్దానికి చిన్నది భయపడి ఏడుస్తుంది. పెద్దాడు దానికి "ఏనుగు" అని పేరు పెట్టాడు, పైపు పట్టుకుని తిరుగుతాడు. వాడి చేతికి అందకుండా లిక్విడ్ సీసాలు అటక మీద పెట్టాం. కూల్‌డ్రింక్ సీసాలో పోసి పెట్టడం మా ఇంట్లో నిషేధం. పని అయిన వెంటనే ట్యాంకు పారబోసి, కడిగి, మూత తీసి బోర్లిస్తాను. ఒక్క రాత్రి ఉంచితే ఆ కంపు భరించలేం, దోమలు అదనం.

ఇంకో ఉపయోగం అనుకోకుండా బయటపడింది. ఏసీ నీళ్ళ పైపు మూసుకుపోయి గోడ మీద కారుతుంటే, బయటి కొసకి ఈ మెషీన్ పెట్టి లాగాను. జిగట ముద్దంతా వచ్చేసింది.

సెప్టెంబరు

పారదర్శక మూతి అంచున ఉన్న రబ్బరు అరిగింది, పక్కల నుంచి గాలి లాగుతోంది. మళ్ళీ రెండు లీటర్ల పరీక్ష పెడితే వెనక్కొచ్చింది లీటరున్నరే. కారు వైపరు పాత రబ్బరు కోసి అతికించాను. ఇప్పుడు లీటరూ ముప్పావుకి కాస్త తక్కువ, సరే.

దసరా సెలవుల్లో సోఫా పట్టుకోవాలి. కొన్ని సోఫాలకి కుషను అడుగున చీటీ కుట్టి ఉంటుంది. డబ్ల్యూ ఉంటే నీళ్ళతో కడగొచ్చు, ఎస్ ఉంటే నీళ్ళు తగలకూడదు, ఎక్స్ ఉంటే పొడి వాక్యూమ్ ఒక్కటే. మా దానికి చీటీ పెద్దాడు పీకేశాడట. వెనకవైపు మడతలో చెంచాడు నీళ్ళు పోసి రాత్రంతా వదిలి, పొద్దున్న రింగు మరక కట్టిందా లేదా చూసి మొదలెడతాను.