ఒక్కడివే వింటున్నావేం?

మొన్న రాత్రి వంటగదిలో గిన్నెలన్నీ కడిగి, డ్యూటీ దిగి, పారిస్‌లోని బార్బెస్ పేటలో ఎప్పుడూ వెళ్లే కఫేలో కూర్చున్నాను. చెవుల్లో ఇయర్‌ఫోన్స్, చేతిలో ఫోన్, ఫోన్‌లో మన పాట. పక్క టేబుల్ పెద్దాయన భుజం తట్టి, "ఒక్కడివే వింటున్నావేం? ఇక్కడ మేమెవరం లేమా?" అన్నాడు. కోపంగానే అన్నాడు.

మనసు చివుక్కుమంది. ఇదే ఊళ్లో మెట్రోలో ఫోన్ గట్టిగా మోగితే చూపులతోనే గుచ్చేస్తారు. ఎవరికీ ఇబ్బంది కాకూడదని ఆరేళ్లుగా అలవాటు చేసుకున్నాను, అది కూడా తప్పేనా? ఆయనతో అదే అన్నాను. ఆయన నాకూ ఒక కాఫీ చెప్పి, గోడవైపు చెయ్యి చూపించాడు. "స్కోపిటోన్ అక్కడుండేది, అబ్బాయ్."

ఆయన 1968లో అల్జీరియా నుంచి కూలికి వచ్చాడు. స్కోపిటోన్ అంటే 1960లో ఫ్రాన్స్‌లో మొదలైన పాటల పెట్టె. నాణెం వేసి బటన్ నొక్కితే, 36 పాటల్లో మనం కోరింది పైనున్న తెరమీద రంగుల్లో ఆడుతుంది. మూడు నిమిషాల 16 ఎం.ఎం. ఫిల్మ్, అయిపోగానే తనే వెనక్కి చుట్టుకుంటుంది. అంతకు 20 ఏళ్ల ముందే అమెరికాలో పనోరమ్ అనే పెట్టె ఉండేది. అందులో ఆడే పాటల ఫిల్ములను సౌండీలనేవారు, ఒక్కోదానికి పది సెంట్లు. కానీ ఎనిమిది పాటలూ ఒకే చుట్ట మీద ఉండేవి, వరసలో ఏదొస్తే అదే చూడాలి. స్కోపిటోన్‌లో కోరుకోవచ్చు. అరబ్బీ పాటలు, అల్జీరియాలోనే మాట్లాడే మరో భాష కబైల్ పాటలు కూడా ఇలాగే తీసి వలస కూలీల కఫేల్లో పెట్టారు. దహ్మాన్ ఎల్ హర్రాషీ, సలాహ్ సదావీ లాంటి అల్జీరియా గాయకులు ఆ తెరమీద కనిపించేవారు. పరాయి దేశపు బతుకును అరబ్బీలో 'ఘుర్బా' అంటారు. మనం దేశం కాని దేశం అనుకుంటామే, అదే.

"నాణెం ఒకడే వేసేవాడు. కఫే అంతా వినేది," అన్నాడాయన, బల్లమీద ఆ పెట్టె ఆకారం వేలితో గీస్తూ.

అప్పటినుంచి ఆ మాట నన్ను వదలడం లేదు. మా రూమ్‌లో నలుగురం తెలుగువాళ్లమే. నలుగురి చెవుల్లోనూ ఇయర్‌ఫోన్సే. ఒక్కోసారి అందరం ఒకే పాట వింటున్నామేమో కూడా తెలియదు. మాది స్వార్థం కాదు, షిఫ్టులు అలాంటివి. ఒకడు వచ్చేసరికి ఇంకొకడు నిద్రలో ఉంటాడు. అయినా మా ఊళ్లో టీ కొట్టు రేడియో ఎవరి అనుమతి అడిగి మోగింది? పెళ్లి మైకు రెండు వీధుల అవతల వినపడకపోతే అది పెళ్లేనా?

ఇయర్‌ఫోన్స్ తీసి, ఫోన్‌ను చక్కెర డబ్బాకు ఆనించి పాట మళ్లీ మొదట్నుంచి పెట్టాను. పెద్దాయన కళ్లు మూసుకుని బల్లమీద వేళ్లతో తాళం వేశాడు. కౌంటర్‌లో కుర్రాడు ఇంకోటి పెట్టమన్నాడు.

రూమ్‌కి వచ్చేసరికి ఇద్దరు నిద్రలో ఉన్నారు. తెల్లవారుజామున నాలుగింటికి లేవాలి వాళ్లు. మళ్లీ ఇయర్‌ఫోన్సే పెట్టుకున్నాను. ఆదివారం నలుగురికీ సెలవు. ఎవరి దగ్గరైనా స్పీకర్ ఉందేమో కనుక్కోవాలి.