కాలిన ఊరి రాళ్ళతో కట్టిన పనామా సిటీ

పనామా సిటీకి వచ్చేవారిలో చాలామంది కాలువ చూసి వెళ్ళిపోతారు. కాలువ చూడదగినదే గానీ, నగర చరిత్ర అంతకు దాదాపు నాలుగు వందల ఏళ్ళ ముందే మొదలైంది కనుక, నేను మొదట పనామా వియెహో శిథిలాల వైపు నడిచాను. 1519లో స్పెయిన్ అధికారి పెడ్రారియాస్ దావిలా స్థాపించిన ఈ ఊరికి పెరూ వెండి ఓడల్లో చేరి, కంచరగాడిదల మీద అడవి దాటి అట్లాంటిక్ తీరానికి వెళ్ళేది. ఆ సంపద కోసమే 1671లో సముద్రపు దొంగ హెన్రీ మోర్గన్ దాడి చేశాడు. ఆ యుద్ధంలో ఊరు కాలి బూడిదైంది. కెథెడ్రల్ గంటల గోపురం మాత్రం ఇంకా నిటారుగా నిలిచి ఉంది. మెట్లెక్కి పైనుంచి చూస్తే కింద మొండిగోడలు, వాటికి కొద్ది దూరంలోనే అద్దాల ఆకాశహర్మ్యాలు.

1673లో స్పెయిన్‌వారు కొన్ని కిలోమీటర్ల అవతల, సముద్రంలోకి చొచ్చుకొచ్చిన నేల మీద, చుట్టూ గోడతో కొత్త ఊరు కట్టుకున్నారు. అదే నేటి కాస్కో వియెహో. పాత ఊరి రాళ్ళను వారు వదిలిపెట్టలేదు. లా మెర్సెద్ చర్చి ముఖభాగాన్ని రాయి రాయిగా విప్పి తెచ్చి ఇక్కడ మళ్ళీ పేర్చారట. ఆ రాళ్ళకు అటూ ఇటూ సున్నం కొట్టిన తెల్లటి గోపురాలుండటంతో పాతదేదో కొత్తదేదో ఇట్టే తెలిసిపోతుంది. కెథెడ్రల్ గోపురాలపై పొదిగిన ముత్యపు చిప్పలు ఎండలో మెరుస్తాయి. సాన్ హొసే చర్చిలోని బంగారు బలిపీఠాన్ని, అది పాత ఊళ్ళో ఉండగా, మోర్గన్ కంటబడకుండా నల్లరంగు పూసి దాచారన్న కథను గైడ్లు తమ కళ్ళతో చూసినట్టే చెబుతారు. నేను సగమే నమ్మాను. సాంతో దొమింగో చర్చి శిథిలాలలోని చదునైన కమాను మరీ విచిత్రం: శతాబ్దాలపాటు నిలిచి, ఇక్కడ భూకంపాలు రావనడానికి సాక్ష్యంగా చూపిన ఆ కమాను 2003లో ఏ భూకంపమూ లేకుండానే కూలిపోయింది. ఇప్పుడున్నది తిరిగి కట్టినది.

సముద్రపు గోడ మీద గునా తెగ స్త్రీలు మోలాలనే కుట్టుపని గుడ్డలు అమ్ముతారు. రంగురంగుల గుడ్డలను ఒకదానిపై ఒకటి పరచి, పై పొరను కత్తిరించి, అంచులను లోపలికి మడిచి, కంటికి ఆనని కుట్లు వేస్తే అడుగు రంగు గీతలై పైకి వస్తుంది. నేను తిరగేసి చూసిన ముక్కలో వెనకవైపు కుట్టు కూడా ముందువైపంత పొందికగా ఉంది.

ఆ గోడ కిందనే ఉన్న ఫ్రాన్స్ చౌకు నన్ను ఎక్కువసేపు నిలిపింది. కోడిపుంజు కూర్చున్న ఆ స్తంభం, కాలువ తవ్వబోయి విఫలమైన ఫ్రెంచివారి స్మారకం. ఆ ప్రయత్నంలో దాదాపు 22,000 మంది చనిపోయారని చెబుతారు. మలేరియా, పచ్చజ్వరం అందుకు ప్రధాన కారణాలు. చీమలు ఎక్కకుండా ఆసుపత్రి మంచం కోళ్ళ కింద పెట్టిన నీళ్ళ గిన్నెలలోనే దోమలు పెరిగాయి! పచ్చజ్వరానికి దోమే కారణమని ముందే చెప్పిన క్యూబా వైద్యుడు కార్లోస్ ఫిన్లేకు ఇక్కడ గౌరవచిహ్నం ఉంది. మలేరియా సంగతి 1897లో రోనాల్డ్ రాస్ తేల్చింది మన సికింద్రాబాదులోనే. ఈ రెండు పరిశోధనల ఆధారంగా అమెరికన్ వైద్యుడు గోర్గస్ నిలవనీటిని తొలగించి, దోమల పని పట్టిన తరువాతనే కాలువ పని సాగి, 1914 ఆగస్టులో ఓడల రాకపోకలు మొదలయ్యాయి.