బండ కింద వేడి లెక్క

ఎండాకాలంలో దేవరకొండ గుట్టల పక్కన పొద్దుపోయాక కూడా సెగ తగ్గదు. బండల్లో యురేనియం ఉండబట్టే ఇంత వేడి అనేవారు మా వైపు చాలామంది ఉన్నారు. ఆ సెగ పగటి ఎండదే. అయితే సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి ఈ గ్రానైటు, నైస్ శిలల్లో యురేనియం, థోరియం, పొటాషియం రేడియోధార్మిక విఘటనం చెందుతూ వేడి పుట్టిస్తున్న మాట మాత్రం నిజం.

సాధారణంగా టన్ను గ్రానైటులో 4 గ్రాముల యురేనియం, 15 గ్రాముల దాకా థోరియం, 35 కిలోల పొటాషియం ఉంటాయి. వీటి నుంచి ఘనపు మీటరుకు వచ్చే వేడి సుమారు 2.5 మైక్రోవాట్లు, అంటే ఒక ఘన కిలోమీటరు బండంతా కలిసినా రెండున్నర కిలోవాట్లే, దాదాపు ఒక్క గీజరుపాటి. నల్ల అభ్రకాన్ని పలుచగా అరగదీసి సూక్ష్మదర్శిని కింద పెడితే, అందులో ఇరుక్కున్న జిర్కాన్ గింజ చుట్టూ ముదురు వలయం కనిపిస్తుంది. గింజలోని యురేనియం, థోరియం వెలువరించిన ఆల్ఫా కణాలు అభ్రకాన్ని దెబ్బతీసిన గుర్తు అది.

అసలు చిక్కు లోతుకు వెళ్తే వస్తుంది. మన కింద భూపటలం మందం సుమారు 35 కిలోమీటర్లు. అదంతా పైనున్న గ్రానైటులాంటిదే అయితే చదరపు మీటరుకు 85 మిల్లీవాట్లకు పైగా వేడి నేల మీదికి రావాలి. కానీ మన గుట్టలూ భాగమైన ధార్వార్ అనే పురాతన శిలా ప్రాంతంలో బోర్లు దించి కొలిస్తే తేలేది దాదాపు 40 మాత్రమే, అందులోనూ కొంత భూపటలం అడుగున ఉన్న మాంటిల్ వాటా. కాబట్టి లోతు శిలల్లో ఈ మూలకాలు బాగా తక్కువగా ఉండి తీరాలి. లోతున వేడికీ ఒత్తిడికీ శిల మారిపోయే తీవ్రమైన రూపాంతరంలో అది కొంత కరిగినప్పుడు, ఆ ద్రవం యురేనియం, థోరియంలను వెంటబెట్టుకుని పైకి చేరడమే దీనికి ముఖ్య కారణం. ఒకప్పుడు లోతున ఉండి ఇప్పుడు బయటపడిన నీలగిరి కొండల చార్నొకైటు అనే శిలలో ఘనపు మీటరుకు అర మైక్రోవాటు కూడా రాకపోవడం ఇందుకు నాకు కనిపించే గట్టి సాక్ష్యం.

పైకొచ్చిన యురేనియం అక్కడితో ఆగలేదు. లంబాపూర్, పెద్దగట్టు దగ్గర గ్రానైటుకూ దానిపై పరచుకున్న శ్రీశైలం అవక్షేప శిలలకూ మధ్య హద్దు వెంట అది ఖనిజంగా పోగైంది. టన్నుకు కిలో యురేనియం ఉన్న రాయి సైతం ఘనపు మీటరుకు పావు మిల్లీవాటే ఇస్తుంది, చేత్తో ముట్టుకుంటే తెలియదు. అక్కడి గని ప్రతిపాదనపై జనం లేవనెత్తిన అభ్యంతరం ఈ వేడి గురించి కాదు, పక్కనే ఉన్న నాగార్జునసాగర్ నీళ్ల గురించి.